వీథినపడిన యువత - ధనిక దేశములందు, మన దేశమందు

విజయవాడ, సికింద్రాబాదు రైలు స్టేషనులలో ఖాళీ సీసాలు ఏరుకొనుచు, పెట్టెలు ఊడ్చి చేయి చాచు బాలురను సభ్యులలో పెక్కుమంది చూచియే యుందురు. వారు పట్టణమున పుట్టినవారేయని మనము సాధారణముగా తలచెదము. అది సరికాదు. వారిలో అనేకులు పల్లెల నుండి రైలెక్కి వచ్చినవారే. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుట అవసరమని మేము భావించుచున్నాము.

దారిద్ర్య మొక్కటియే దీనికి కారణమైనచో అమెరికాలో ఈ సమస్య ఉండరాదు. కాని షికాగో విశ్వవిద్యాలయములోని చాపిన్ హాల్ సంస్థ 2017లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, అచట 13 మొదలు 17 ఏండ్లవారిలో 30 మందికి ఒకరు, 18 మొదలు 25 ఏండ్లవారిలో 10 మందికి ఒకరు ఒక సంవత్సర కాలములో ఎప్పుడో ఒకప్పుడు నిలువ నీడ లేక గడపినవారే. పల్లెలలోను, పట్టణములలోను ఈ నిష్పత్తి ఇంచుమించు సమానముగా నుండుట గమనింపదగినది. అయితే అచట వీరు కంటికి కనబడరు. నేడు ఒక మిత్రుని ఇంట, రేపు మరియొకరి ఇంట, ఆపైన కారులోనో, ఆశ్రయ గృహములోనో రాత్రులు గడపుదురు. ఇంటిలో కలహము, దెబ్బలు, తల్లిదండ్రుల మరణము వీరిని బయటకు నెట్టుచున్నవి. ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలకు 18 ఏండ్లు నిండగనే ఆ నీడయు తొలగుచుండెడిది. దీనిని సవరించుటకై 21 ఏండ్ల వరకు సంరక్షణను పొడిగించు రాష్ట్రములకు కేంద్ర ధనసహాయ మొసగు చట్టమును 2008లో చేసిరి.

మన దేశమున కష్టము వేరు రూపమున నున్నది. ఇచట వీథియే పని స్థలము. కొందరు పగలెల్ల వీథిలో సంపాదించి రాత్రికి ఇల్లు చేరుదురు. కొందరి కుటుంబమంతయు కాలిబాటపైననే కాపురముండును. ఎవరును లేనివారు కొందరే. అందరికంటె అపాయమునకు లోనగువారు వీరే. సంపాదించిన డబ్బును పెద్దవాడు లాగుకొనును. ఆకలిని, చలిని మరచుటకు పంక్చరు అతుకు సొల్యూషనును పీల్చుట అలవడును. వీరిని బిడ్డలుగా గాక దొంగలుగా చూచుట పెక్కు దేశములందు గలదు. బ్రెజిలులోని రియో నగరమున 1993 జూలైలో, కాండెలారియా చర్చి చెంత నిద్రించుచున్న పిల్లలపై కాల్పులు జరుపగా ఎనిమిదిమంది మరణించిరి. ఆ నేరమునకు శిక్షపడినవారిలో పోలీసులు ఉండిరి.

కాగితముల చిక్కు మరియొకటి. జనన ధ్రువపత్రము లేనివాడు తన వయస్సును రుజువు చేయజాలడు. వయస్సు రుజువు లేదని బడిలో చేర్చుకొనక పోరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నను, మిగిలిన చోట్ల ఆ పత్రము లేక పనులు సాగవు. ఇది పంచాయతీ చేతిలోని పని. జననమును 21 దినములలోపల నమోదు చేయించినచో రుసుము లేదు. ఇంత తేలికైన సాయము వేరొకటి కలదా యని మాకు తోచుచున్నది.

బాలుడు దొరకినపుడు పట్టుకొని ఇంటికి పంపిన చాలునని కొందరి అభిప్రాయము. కొట్టు మారుతండ్రి యొద్దకే మరల పంపినచో వాడు మరుసటి రైలుకే పారిపోవును. అందుచేతనే 2015 నాటి బాలల న్యాయ చట్టము, అట్టి బిడ్డను 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెనని నిర్ణయించినది. ఇల్లు క్షేమమా కాదా యని విచారించి నిర్ణయించు బాధ్యత ఆ సమితిది. సంరక్షణ గృహమును 18 ఏండ్లకు విడుచు యువకునకు 21 ఏండ్ల వరకు తోడ్పాటును ఈ చట్టమే అనుమతించుచున్నది. కాని గృహము ముఖమే చూడక వీథిలోనే 18 దాటినవానికి ఈ ద్వారము తెరచియుండదు. కావున ఆ వయస్సు రాకముందే వానిని చేరుట ముఖ్యము.

2009లో వచ్చిన సమగ్ర బాలల రక్షణ పథకము గ్రామస్థాయి రక్షణ సమితికి పంచాయతీ పెద్దనే అధ్యక్షునిగా చేసినది. ఈ సమితి కూడినపుడు బడికి రాక నెలగడచిన పిల్లల పేర్లను ఉపాధ్యాయుని వలన తెలిసికొని, వారిలో ఊరిలో లేనివారెవరో, ఎవరితో ఎచటికి పోయిరో ఇంటివారిని అడుగవచ్చును. జాడ తెలియనిచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించవలెను. 1098 నెంబరుకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. పెద్దలే గాక, ఆపదలోనున్న బిడ్డయు స్వయముగా చేయవచ్చును.