నివాసము, అభిజనము: మారిషసు తెలుఁగువారి నామవిచారము

పాణినీయమున చతుర్థాధ్యాయ తృతీయపాదమందు దేశవాచకములపైఁ దద్ధితప్రత్యయములు చేరు సందర్భమున మూఁడర్థములు వేఱువేఱుగాఁ జెప్పఁబడినవి. ఒక చోటినుండి వచ్చినవాఁడు అనునది మొదటిది. ఆ చోటు నివాసముగాఁ గలవాఁడు అనునది రెండవది. ఆ చోటు అభిజనముగాఁ గలవాఁడు అనునది మూఁడవది. ఇప్పుడు తాను వసించు చోటు నివాసమనియు, పూర్వులు వసించిన చోటు అభిజనమనియు వ్యాఖ్యాతలు వివరించిరి. స్రుఘ్నమునుండి వచ్చినవాఁడును, స్రుఘ్నమున వసించువాఁడును, పూర్వులు స్రుఘ్నమున వసించినవాఁడును స్రౌఘ్నుఁడే. రూప మొక్కటి, అర్థములు మూఁడు. నివాసాభిజనములకు రూపభేదము లేనపుడు సూత్రభేద మేల యని శంక కలుగును. తరువాతి సూత్రములు విధించు ప్రత్యయములు అభిజనార్థమందే చేరవలసినవి గాన వేఱుచేయఁబడె నని సమాధానము.

స్వదేశమున నున్నవానికి ఈ భేదము తోఁపదు. గోదావరీతీరమునఁ బుట్టి యచటనే పెరిగిన కృషీవలునకు నివాసమును అభిజనమును ఒక్కటియే. నీ వెవఁడవని యడిగినచో నతఁడు ఊరిపేరో, కులమో, ఇంటిపేరో చెప్పును. తెలుఁగువాఁడ నని చెప్పుకొను నవసర మతనికి రాదు. సముద్రము దాఁటిన పిమ్మటఁగాని ఈ మూఁడర్థములును విడివడవు. ఇందులకు మారిషసు ద్వీపమందలి తెలుఁగువారి చరిత్రము చక్కని యుదాహరణము.

ఆ ద్వీపమున 1835వ సంవత్సరమున బానిసత్వము రద్దయ్యెను. చెఱకుతోఁటలకుఁ గావలసిన పనివారిని ఒడంబడికపై హిందూదేశమునుండి రప్పించు పద్ధతి 1834లోనే మొదలయ్యెను. 1920 వఱకు ఇంచుమించు 5 లక్షలమంది పోర్టులూయీ రేవున దిగిరి. కొందఱు అచటినుండి యితర దేశములకుఁ బంపఁబడిరి. నిలిచినవారిలో భోజపురీ భాషీయులే మిక్కిలి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పోయిన తెలుఁగువారు అల్పసంఖ్యాకులు. వారు దిగిన తావు ఆప్రవాసి ఘాటు అను పేర 2006లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపఁబడినది.

ద్వీపవాసులు ఈ క్రొత్తవారిని భాషనుబట్టి గాక ఓడ యెక్కిన రేవునుబట్టి పిలిచిరి. ఉత్తరదేశీయులకుఁ గలకత్తా పేరును, తమిళులకు మదరాసు పేరును, మహారాష్ట్రులకు బొంబాయి పేరును, తెలుఁగువారికిఁ గోరంగి పేరును వచ్చినవి. కోరంగి గోదావరీ సాగరసంగమముచెంత నున్న రేవు. 1839 నాఁటి తుపానులో నది ధ్వంసమయ్యెను. రేవు చెడినను పేరు చెడలేదు. వేఱు రేవుల నోడ యెక్కినవారును గోరంగులే యైరి. యోగార్థము తొలఁగి రూఢి నిలుచుట యన నిదియే. బర్మాలోను తెలుఁగు కూలీల కిదే పేరు. అచట నది చులకన మాటయు నయ్యెను. 1930 మే మాసమున రంగూను రేవులోఁ దెలుఁగు కూలీలకును బర్మీయులకును ఘోరమైన కలహము జరిగెను. 1942లో జపాను దండయాత్రకు వెఱచి లక్షలకొలఁది భారతీయులు ఆ దేశమును విడిచిరి. ‘వచ్చినవాఁడు’ అను పేరిలో ‘పోవలసినవాఁడు’ అను ధ్వని యెప్పుడును అణఁగియుండును.

మారిషసులో నట్లు గాలేదు. పోయినవారి బిడ్డలు అచటనే పుట్టి, ఫ్రెంచిభాషనుండి పుట్టిన క్రియోలును వీధిలో నేర్చి, క్రమముగా నింటను మాటాడఁజొచ్చిరి. వలస పుస్తకములలో తాతకు వ్రాయఁబడిన వ్యక్తినామమే సంతతివారికిఁ గులనామముగా నిలువఁగా, తెలుఁగునాఁట పేరునకు ముందుండు ఇంటిపేరు పెక్కు కుటుంబములలో మఱుఁగుపడెను. 1968లో ద్వీపము స్వతంత్రమైనది. అప్పటినుండి వారు నివాసముచేఁ బూర్ణముగా మారిషసువారు.

ఆ నివాసము స్థిరపడుచున్న కాలముననే అభిజనమును మేల్కొనుట గమనింపఁదగినది. 1947లో నచట ఆంధ్రమహాసభ వెలసెను. స్వదేశమున ఆంధ్రమహాసభ తొలిసారి బాపట్లలోఁ గూడినది 1913లోనే. ఓడ యెక్కిన కూలీ యెఱుఁగని సంఘనామము మనుమని కభిమానపాత్ర మయ్యెను. ఉగాది ద్వీపమంతటికిని సెలవుదినము. రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నేఁటికిని జరుగుచున్నవి. పాఠశాలలలోను, మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలోను తెలుఁగు బోధింపఁబడుచున్నది. 1990లో మూఁడవ ప్రపంచ తెలుఁగు మహాసభ లచటనే జరిగినవి. ఇంతకన్న వింత యొకటి గలదు. ఆ దేశపు జనాభా లెక్కలలో మతమెయ్యది యను ప్రశ్నకుఁ ‘దెలుఁగు’ అని బదులు చెప్పువారు గలరు. అచటి వాడుకలో హిందూశబ్దము సంకోచమునొంది హిందీభాషీయులకే యన్వయించుటచే, తక్కినవారికి భాషానామమే మతనామ మయ్యెను. వ్యాకరణశాస్త్రమున కిది యర్థసంకోచమునకును అర్థవిస్తృతికిని ఏకకాలమున దొరకిన ఉదాహరణము.

ఇట నొక యాక్షేపము పుట్టును. ఇంటఁ దెలుఁగు మాటాడనివాఁడు తెలుఁగువాఁ డెట్లగును? అభిజనార్థమునకుఁ బూర్వుల నివాసమే చాలును గాన శాస్త్రమునుబట్టి దోషము లేదు. కాని యాక్షేపమును పూర్తిగాఁ ద్రోసివేయరాదు. ఆ మనుమఁడు తన్ను గోదావరివాఁ డనికాని, గంజామువాఁ డనికాని చెప్పుకొనక తెలుఁగువాఁ డని చెప్పుకొనుచున్నాఁడు. అనఁగా నతని యభిజన మొక మండలము గాదు, ఒక భాష. రేవు పోయిన పిదపఁ గోరంగి శబ్ద మెట్లు వట్టి రూఢిగా మిగిలెనో, భాష పోయినచోఁ దెలుఁగు శబ్దమును అట్లే మిగులును. దర్భలు కోయని కుశలుని కుశలశబ్దమువలె నది వాడుకలో నుండును గాని, తన ప్రకృతిని దాను గుర్తింపఁజాలదు.

కావున స్వదేశపు పండితులకుఁ గర్తవ్యము రెండువిధములు. ఆ విద్యార్థులకుఁ దెలుఁగు తల్లి యొడిలో వచ్చినది గాదు, బడిలో వచ్చునది. వారికిఁ దగిన వాచకములును, సులభవ్యాకరణమును రచింపవలయును. అమ్మోరు మొదలగు ఉత్తరకోస్తా పలుకుబళ్లను వారినోటఁ దప్పులని దిద్దుటకు మాఱుగా, నిఘంటుకర్తలు సేకరింపవలయును. పూర్వు లొకచోట వసించిరనుట జరిగిపోయిన కార్యము, దాని నెవ్వరును మార్పలేరు. అయినను ఒకే రూపమునకు మూఁడర్థములున్నపుడు ఏది గ్రాహ్యమో వక్తృవివక్షయే నిర్ణయించును. ఇన్ని తరముల పిమ్మటఁ దెలుఁగువాఁడ నని పలుకువాని వివక్షను మన్నించుట భాషాసేవలోని భాగమే.