ఒక్క నెట్టు... ఇంటిల్లిపాదికీ!

"అమ్మా, నెట్టు రావడంలేదు!" అని హాల్లోంచి పెద్దాడు. "నాకు క్లాసు మొదలైపోయింది" అని మిద్దె మీది గదిలోంచి అమ్మాయి. "ఆ టీవీ కాసేపు ఆపండర్రా, మీటింగులో ఉన్నా" అని శ్రీవారు. ఎవరు కేక వేసినా చివరికి వచ్చి పడేది వంటింట్లో పోపు వేస్తున్న మీ మీదే కదూ! "ఇంకో కనెక్షన్ తీసుకుంటే పోలా" అని శ్రీవారు అనేలోపు ఈ నాలుగు మాటలూ చదవండి. చాలా ఇళ్ళల్లో లోపం కనెక్షన్‌లో ఉండదు. దాన్ని పంచుకునే తీరులో ఉంటుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్ళల్లో ఒకప్పుడు కేబుల్ అంటే టీవీయే. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. ఆ రోజుల్లో నెట్టు పెడితే ఇంట్లో ఫోను ఎంగేజ్ అయ్యేది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఊళ్ళోని కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకిచ్చారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు మూడూ వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో బడి, ఆఫీసు రెండూ ఇంట్లోకే వచ్చేశాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలూ, బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలూ కంప్యూటర్లు చంకన పెట్టుకుని ఇల్లు చేరారు. అలా ఒక్క తీగకు నలుగురు వాటాదార్లయ్యారు.

కుళాయి నీళ్ళ లెక్కే!

మునిసిపాలిటీ కుళాయి తెలుసు కదా. వీధిలోంచి వచ్చే గొట్టం ఒక్కటే. ట్యాంకు నుంచి వంటింటికీ, స్నానాలగదికీ, పెరట్లోకీ మనమే పంచుకుంటాం. నెట్టూ అంతే. పంచే పని చేసేది రూటర్ అనే చిన్న డబ్బా. ఉమ్మడి ఇంటికి వచ్చిన ఉత్తరాలను ఎవరివి వాళ్ళకు అందించే పెద్దమ్మలాగ, ఏ కంప్యూటర్ అడిగింది దానికి చేరుస్తుంది. ఇప్పుడు ఆపరేటర్లు గోడకు బిగించే ఫైబర్ డబ్బాల్లో చాలావాటికి ఈ పని కూడా వచ్చు. ముందు మీ డబ్బాకు వైఫై ఉందో లేదో, వెనక వైర్లు పెట్టే రంధ్రాలు ఎన్ని ఉన్నాయో చూడండి. రంధ్రాలు చాలకపోతే 'స్విచ్' అనే మరో చిన్న పెట్టె కొని రూటర్‌కు తగిలిస్తే సరి. టీవీ కేబుల్‌ను చీల్చే స్ప్లిటర్ మాత్రం ఇక్కడ పనికిరాదు. 'ఏదైనా కేబులే కదా' అని పొరబడకండి.

ఇక లెక్క చూద్దాం. మీది 50 ఎంబీపీఎస్ ప్లాను అనుకోండి. టీవీలో హెచ్‌డీ సినిమాకు సుమారు 5, ఆఫీసు మీటింగుకు 4, అమ్మాయి క్లాసుకు 3. అన్నీ కలిపినా పన్నెండు! మరి మిగిలిందంతా ఎక్కడికి పోతోంది?

గోడలు తినేస్తున్నాయి

మనది కడప బండల సీమ. రాతిగోడల పాత మిద్దెలు వేసవిలో చల్లగా ఉంటాయి, నిజమే. కానీ వైఫై తరంగాలు వాటిని దాటలేవు. ఇనుప బీరువా, పెద్ద అద్దం కూడా అడ్డమే. కనబడకూడదని డబ్బాను టీవీ వెనకో, బీరువా మీదో పెడుతుంటాం. అది తప్పు. ఇంటి మధ్యలో, తలెత్తు ఎత్తులో పెట్టించండి. ఫోనులో నెట్టు పేరు రెండుసార్లు కనబడి ఒకదాని పక్కన '5జి' అని ఉంటే, దగ్గర కూర్చున్నవాళ్ళు దాన్ని వాడుకోవాలి. అది వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. దూరపు గదివాళ్ళకు రెండోదే నయం.

మిద్దె మీది గదికి అసలు అందకపోతే క్యాట్-6 వైరు లాగించి, పైన మరో రూటర్ పెట్టించండి. ఆ వైరు వంద మీటర్ల దాకా చక్కగా పనిచేస్తుంది. నెలనెలా కట్టే రెండో కనెక్షన్ కంటే ఈ ఒక్కసారి ఖర్చే మేలు. ఉరుములు, మెరుపులప్పుడు మాత్రం ప్లగ్గులు తీసేయండి.

ఎవరికి ముందు?

ఇది యంత్రం తేల్చే సంగతి కాదు, మీరే తేల్చాలి. హాల్లో బల్ల, కంప్యూటరు, మంచి సిగ్నలు అబ్బాయికి; మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చోవడం అమ్మాయికి... ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు! ఫీజులిద్దరికీ కట్టి, నెట్టు ఒకరికే ఇస్తే ఎలా? పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజున తెర తిరుగుతూ ఉండిపోతే పోయేది ఒక ఏడాది. అందుకే పరీక్షలు, క్లాసులు, ఇంటర్వ్యూల వేళలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఆ వేళల్లో సినిమాలు, ఆటలు బంద్! శ్రీవారి క్రికెట్టుకు కూడా ఇదే చట్టం.

పక్కింటావిడ అడిగితే?

"వదినా, మీ పాస్‌వర్డు కాస్త చెప్పవూ?" అంటే కాదనడం కష్టమే. కానీ ఆ కనెక్షన్ ఆధార్ ఇచ్చి మీ ఇంటివాళ్ళ పేరున తీసుకున్నది. దాని మీద ఎవరు ఏ తప్పు పని చేసినా ముందు అడిగేది మిమ్మల్నే. డబ్బులు తీసుకుని పంచడమైతే అసలు కూడదు. చుట్టాలొస్తే 'గెస్ట్' నెట్టు అని విడిగా పెట్టుకునే వీలు చాలా రూటర్లలో ఉంది. వాళ్ళు వెళ్ళగానే ఆపేయవచ్చు. డబ్బా అడుగున ముద్రించి ఉన్న పాస్‌వర్డునే వాడుతుంటే ఈరోజే మార్పించండి. పిల్లల పేర్లు, పుట్టినరోజులు పెట్టకండి.

మరికొన్ని చిట్కాలు

* నెట్టు ఆగితే డబ్బా ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి పెట్టండి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది.
* ఫైబర్ తీగ లోపల ఉండేది గాజు. మేకుకు చుట్టి మడవకండి.
* డబ్బాను ఇన్వర్టర్ ప్లగ్గుకు పెట్టిస్తే కరెంటు పోయినా క్లాసు ఆగదు.
* ఎర్రదీపం వెలిగితే లోపం బయటి తీగలో ఉండవచ్చు. ఆపరేటర్‌కు ఫోను చేసి 'ఎర్రదీపం' అని చెబితే సగం పని అయినట్టే.

పిడికెడు కందిపప్పుతో పదిమందికి పప్పుచారు కాచి వడ్డించే చేయి మీది. ఈ నెట్టు వడ్డన మీకో లెక్కా!