లిఫ్టు కొనేముందు... టేపు తీయండి!

అమలాపురం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లాలంటే కారుంటే చాలు. వెళ్లాల్సిన నాన్న చక్రాల కుర్చీలో ఉంటే? కొడుకూ అల్లుడూ చెరోపక్కా పట్టుకుని ఎత్తాలి. వాళ్ల నడుం నొప్పి సంగతి సరే, 'వీళ్లకి భారమైపోయాను' అనుకుని ఆ పెద్దాయన పెళ్లిళ్లకు రావడమే మానేస్తాడు. ఆ బెంగ తీర్చేదే వ్యానుకు బిగించే లిఫ్టు. ధర అడిగేముందు ఇవి చూసుకోండి.

ఎత్తు: కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి నడినెత్తి దాకా కొలవండి. వ్యాను తలుపు అంతకన్నా ఎత్తుండాలి. చిన్నకార్లలో ఇది కుదరదు. కుర్చీలోంచి సీట్లోకి మారగలిగినవారికి బయటికి తిరిగే కారు సీటు చాలు.

బరువు: మనిషినీ కుర్చీనీ కలిపి తూచాలి. బ్యాటరీ కుర్చీ ఒక్కటే వంద కిలోలు దాటొచ్చు. అమెరికా ప్రమాణాల ప్రకారం సొంత వాహనాల లిఫ్టు కనీసం 181 కిలోలు మోయాలి.

చోటు: పక్క తలుపు లిఫ్టు దిగాలంటే పక్కన ఖాళీ కావాలి. ఇరుకైన కాలవగట్టు రోడ్డు మీద వెనక తలుపే నయం.

భద్రత: మోటారు మొరాయిస్తే చేత్తో దించే వీలుండాలి. బండి కదిలేముందు కుర్చీని నాలుగు పట్టీలతో బిగించాలి. మనిషికి వేరే బెల్టు తప్పనిసరి. కోనసీమ తేమకు ఇనుము తుప్పుపడుతుంది కాబట్టి సర్వీసు మరవొద్దు.

కాగితాలు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు సంబంధించింది. ముందే ఆర్టీవో కార్యాలయంలో కనుక్కుని, మార్పును ఆర్సీలో రాయించండి. బీమా కంపెనీకీ చెప్పండి. వాహనాల మార్పుకు ప్రోత్సాహకాలివ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వాలకు చెప్పింది. సాయం కోసం అడగడంలో తప్పులేదు.

చివరిగా ఒక్కమాట. లిఫ్టు చూడ్డానికి పెద్దాయన్నీ తీసుకెళ్లండి. ఎక్కాల్సింది ఆయన కదా!