పెట్ట గుడ్డుకొచ్చే వేళ

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, "మేష్టారూ, ఈ యేడు సావనీరుకు మీరో వ్యాసం రాయాలి. సైన్సు విషయమే, కాని అందరికీ అర్థం కావాలి" అన్నాడు. "కోడిపెట్ట మొదటి గుడ్డు ఎప్పుడు పెడుతుందో రాస్తానోయ్" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. కుర్రవాడు నవ్వు ఆపుకుంటున్నాడని తెలిసిపోయింది.

నవ్వవలసిందే. ఒకప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఖరీదు మా అమ్మ పెంచుకున్న ఒక నల్లపెట్ట.

అది 1983 సంక్రాంతి. ఈ కాలేజీలోనే జంతుశాస్త్రం ముఖ్యాంశంగా బి.యస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టలు నుంచి పండక్కి ఇంటికి వెళ్ళాను. మాది కృష్ణా కాలువ ఒడ్డున ఓ చిన్న వూరు. అంతకు ముందు ఆషాఢంలో, నాట్లు పడే రోజుల్లో, అమ్మ ఒక పెట్టను పొదగేసింది. గద్దలకూ పిల్లులకూ పోగా అయిదు పెట్టలు మిగిలినయ్. వాటి మీద అమ్మకు కొండంత ఆశ. మా ఇంట్లో పాలడబ్బు నాన్నది, గుడ్లడబ్బు అమ్మది. నా పరీక్ష ఫీజులో సగం ఎప్పుడూ ఆ కొంగుముడి లోంచే వచ్చేది.

ఆ యేడు మా అక్కా బావగారూ పండక్కి వచ్చారు. కనుమ నాడు అల్లుడికి కోడికూర పెట్టకపోతే మర్యాదగా వుండదు. పుంజులు అప్పటికే అమ్ముడైపోయాయి. నాన్న పెరట్లోకి చూసి, "ఆరు నెలలు దాటినా ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. ఆ నల్లదాన్ని కోసేద్దాం" అన్నాడు.

అమ్మ నా వంక తిరిగింది. "ఏరా అబ్బాయ్, నువ్వు ఇదే చదువుతున్నావు గదా. ఇంకా కొన్నాళ్ళు చూడొచ్చా?"

నేను నవ్వి, "పుస్తకంలో ఇరవై వారాలని వుందమ్మా. ఇవి ఇరవై ఎనిమిదో వారంలో వున్నయ్. ఇప్పటికీ పెట్టలేదంటే అది గొడ్డుదే" అన్నాను.

అమ్మ మరి మాట్లాడలేదు. మధ్యాహ్నం కోడిని కోసి పొట్ట విప్పినప్పుడు దగ్గర కూర్చున్నది నేనే. లోపల, వెన్నుకు ఆనుకొని, పచ్చసొనల గుత్తి! అన్నిటికంటె పెద్దది ఉసిరికాయంత, తరవాతిది గచ్చకాయంత, ఆ తరవాత శనగగింజంత, ఇంకా వెనక ఆవగింజలు పోసినట్టు లెక్కలేనన్ని. ఇంకో రెండు మూడు రోజుల్లో ఆ పెట్ట గుడ్డు పెట్టేది.

అమ్మ ఆ గుత్తిని చేతిలోకి తీసుకొని, "మొన్నటి నుంచీ ముగ్గుచిప్ప దగ్గర చేరి ముగ్గు పొడుచుకు తింటోందిరా. గుడ్డుకొచ్చిందేమో అనుకున్నాను. నువ్వు చదువుకున్నవాడివి గదా అని వూరుకున్నాను" అన్నది. కోపం లేదు ఆ మాటలో. కోపం వుంటే బాగుండేది.

పుస్తకం అబద్ధం చెప్పలేదు. అమ్మా పొరబడలేదు. మరి తప్పెక్కడ జరిగింది? అది తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై వారాలు ఎవరి లెక్క?

పుస్తకంలోని ఇరవై వారాలు తెల్ల లెగ్‌హార్న్ కోడి లెక్క. ఇటలీ లోని లివోర్నో రేవు పేరు మీద వచ్చిన జాతి అది. తరాల తరబడి ఏరి ఏరి, తొందరగా గుడ్డుకొచ్చేట్టు, పొదుగు మరిచిపోయేట్టు తయారు చేశారు. షెడ్డులో కరెంటు దీపం, తూచి పెట్టిన దాణా, వేళకు టీకాలు. ఈ సౌకర్యాలన్నీ వుంటే పద్ధెనిమిది, ఇరవై వారాలకు గుడ్డు పెడుతుంది.

మన నాటుపెట్ట సంగతి వేరు. పరిశోధనా కేంద్రాల లెక్కల ప్రకారం కడక్‌నాథ్ పెట్ట సుమారు 180 రోజులకు, మన ఆంధ్రదేశపు అసీల్ సుమారు 196 రోజులకు గుడ్డుకొస్తాయి. ఇవి సగటులు మాత్రమే. పెరట్లో తిరిగేవి ఏడు, ఎనిమిది నెలలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన గ్రామప్రియ అయిదున్నర నెలల ప్రాంతంలోనూ, వనరాజా ఆరు నెలలకు కాస్త అటూ ఇటూగానూ మొదలుపెడతాయి.

మా నల్లపెట్ట నూటతొంభై రోజుల పిల్ల. అంటే సరిగ్గా తన జాతి వేళకు వచ్చిందన్నమాట. నేనే దానికి ఇంకొకరి గడియారం కట్టాను.

ఒకే గంప కింద పొదిగిన అక్కచెల్లెళ్ళ మధ్య కూడా నాలుగైదు వారాల తేడా వుండవచ్చు. కోళ్ళలో పెత్తనాలుంటాయి. నూకలు చల్లినప్పుడు బలమైనది ముందు తింటుంది, బలహీనమైనది పొడిపించుకొని పక్కకు పోతుంది. వయసొచ్చినా ఒళ్ళు రాకపోతే పెట్ట గుడ్డుకు రాదు.

పెట్ట లోపల ఏం జరుగుతుంది?

ఆడపిల్ల గుడ్డులోంచి బయటపడేనాటికే దాని అండాశయంలో వేలకొద్దీ అండాలుంటాయి. చాలా పక్షుల్లో లాగే కోడికీ ఎడమ వైపు అండాశయమూ అండవాహికా మాత్రమే ఎదుగుతాయి. అయిదారు నెలలపాటు అవి నిద్రపోతున్నట్టే వుంటాయి. ఒళ్ళు కుదిరి, కాలం కలిసివస్తే మెదడు నుంచి పీయూష గ్రంథికీ, అక్కడి నుంచి అండాశయానికీ కబురు వెళుతుంది. అండాశయం ఈస్ట్రోజన్ అనే హార్మోను తయారుచేస్తుంది. కాలేయం పచ్చసొనకు కావలసిన సరుకు సిద్ధం చేసి రక్తంలోకి పంపుతుంది. ఆవగింజంత అండం చివరి వారం పది రోజుల్లోనే ఉసిరికాయంత అవుతుంది. అందుకే పొట్టలో గుత్తి వరసగా, పెద్దా చిన్నాగా కనిపిస్తుంది. రేపటి గుడ్డు, ఎల్లుండి గుడ్డు, ఆవలెల్లుండి గుడ్డు, అన్నీ వరసలో నిలబడి వుంటాయి.

పండిన సొన జారి అండవాహికలో పడ్డ తరవాత గుడ్డు బయటికి రావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. తెల్లసొన చుట్టుకోవడానికి మూడు గంటలు, లోపలి పొరలకు గంటా గంటంపావు. మిగిలిన ఇరవై గంటలూ పెంకు కట్టడానికే!

ముగ్గు రహస్యం ఈ పెంకులోనే వున్నది. మామూలు గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం వుంటుంది. ఆనాటికానాడు తిండిలో అంత దొరకదు. కనుక మొదటి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందే పెట్ట తన కాలి ఎముకల బోలులో కాల్షియం దాచుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు దానికి సున్నపు పదార్థం మీద యావ పుడుతుంది. నత్తగుల్లలు ఏరుకుంటుంది, గోడల బెల్లం పొడుస్తుంది. ధనుర్మాసంలో వాకిలి నిండా గుల్ల ముగ్గు కనిపిస్తే వదులుతుందా? అమ్మ చూసినది అదే. ఆమెకు తెలియనిది కాల్షియం అనే పేరొక్కటే.

పొద్దు పెరిగే కాలం

ఇంకొక సంగతి. వెలుతురు. పగటి పొడుగు పెరుగుతుంటే పిల్లపెట్ట తొందరగా గుడ్డుకొస్తుంది. తరుగుతుంటే ఆలస్యం చేస్తుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జాక్ బెన్వా 1930ల్లో బాతుల మీద చేసిన ప్రయోగాల్లో ఒక వింత బయటపడింది. చూపు లేని బాతుల్లో కూడా వెలుతురుకు బీజకోశాలు ఎదిగాయి! పక్షి పుర్రె పలచన. వెలుతురు అందులోంచి లోపలికి దిగి, మెదడు అడుగున హైపోథాలమస్‌లో వున్న కణాలకు తగులుతుంది. పొద్దును పక్షి కంటితో కాదు, తలతో కొలుస్తుందన్నమాట. కోళ్ళఫారాల్లో తెల్లవారుజామునా, చీకటి పడ్డాకా దీపాలు వేసి 16 గంటల వెలుతురు చూపించేది ఇందుకే.

మన డెల్టాలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. మాఘమాసంలో పుట్టిన పిల్లలు పొద్దు పెరిగే కాలంలో ఎదుగుతాయి. మా నల్లపెట్ట ఆషాఢంలో పుట్టింది. దాని బాల్యమంతా పొద్దు తరిగే కాలమే. డిసెంబరు చివర పొద్దు మళ్ళింది. ఉత్తరాయణం వస్తూ వుండగా దానికీ కబురందింది. సరిగ్గా అప్పుడే అల్లుళ్ళూ వస్తారు! ఆషాఢపు పెట్టలు గుడ్డుకొచ్చే వారమూ, కత్తికి వచ్చే వారమూ మన వూళ్ళలో ఒకటే. ఇలా ఎన్ని పెట్టలు గొడ్డువని పేరు తెచ్చుకొని పోయాయో.

అమ్మ లెక్క

పండుగ తరవాత నేను హాస్టలుకు వెంటనే వెళ్ళలేదు. మిగిలిన నాలుగింటినీ అమ్మ చెప్పగా గమనించాను. ఆమె కేలెండరు చూడలేదు. ఈ గుర్తులు చూసింది.

మొదటిది తురాయి. లేతగులాబి రంగులో ముడుచుకొని వున్న తురాయీ గడ్డం కింద తిత్తులూ పెద్దవై ఎర్రగా నిగనిగలాడతాయి. రెండోది, వీపు మీద చెయ్యి వేస్తే పారిపోయే పెట్ట చప్పున కింద కూలబడి రెక్కలు కాస్త విప్పుతుంది. మూడోది, గడ్డివాము సందుల్లోనూ, అటక మీదా, ఆఖరికి మంచం కిందా దూరి, చోటు వెతుకుతూ కొక్కొక్కొమని గొణుగుతుంది. నాలుగోది చేత్తో చూడవలసినది. తోక కింద రెండు సన్నని ఎముకల కొనలు తగులుతాయి. లేతపెట్టకు వాటి నడుమ ఒక వేలు పట్టడమే కష్టం. గుడ్డుకొచ్చిన పెట్టకు రెండు వేళ్ళు పడతాయి. పెడుతున్న పెట్టకు మూడు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటైనా నల్లపెట్టలో నేను చూసి వుండవచ్చు. చూడలేదు. దాని దగ్గరకే వెళ్ళలేదు నేను.

పెంచేవారికి నాలుగు మాటలు

ఇవాళ పట్నాల్లో కూడా మేడ మీదా, పెరట్లోనూ నాలుగు కోళ్ళు పెంచుకొనేవారు ఎక్కువయ్యారు. అయిదో నెల దాటగానే "ఇంకా పెట్టదేం?" అని నన్ను అడుగుతూ వుంటారు. వారికి చెప్పేది ఇదే. తొందరపెట్టకండి. ఒళ్ళు రాకముందే గుడ్డుకొచ్చిన పెట్టకు గుడ్డు పెట్టేటప్పుడు లోపలి భాగం బయటికి జారే ప్రమాదం వుంది. గుడ్లకోళ్ళ దాణాలో సున్నపు పాలు ఎక్కువ. దాన్ని మూడు నాలుగు నెలల పిల్లలకు పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. నూకలూ తవుడూ చాలవు, మాంసకృత్తులు కావాలి. చెదలో, పురుగో, వేరుశనగపిండో ఏదో ఒకటి అందాలి. గుర్తులు కనిపించగానే నత్తగుల్లలు దంచి విడిగా ఒక మూకుడులో పెట్టండి. తనకు కావలసినంత తనే తింటుంది. చీకటిగా వున్న మూల ఒక పాత గంపలో ఎండుగడ్డి పరిచి వుంచండి. కొక్కెర తెగులుకు టీకా వేయించడం మరవకండి. ఆ తెగులు సోకితే గుడ్డు సంగతి దేవుడెరుగు, పెట్టే మిగలదు.

మొదటి గుడ్డు పిచ్చిక గుడ్డంత వుందనో, తోలుగుడ్డు పడిందనో బెంగపడకండి. ఒక్కొక్కప్పుడు రెండు సొనలూ వుంటాయి. కొత్త మగ్గం మీద మొదటి బట్ట లాంటిదది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. అదీ దాని లెక్కే.

నేను కాలేజీకి తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు నాన్న కార్డు రాశాడు. వూరి కబుర్ల చివర ఒక వాక్యం: "నాలుగు పెట్టలు గుడ్లు పెడుతున్నవి, మీ అమ్మ చెప్పమన్నది." తరవాత మనియార్డరు వచ్చింది. ఫీజు కట్టాను. రసీదు చేతిలో పట్టుకొని అయిదో పెట్టను తలుచుకున్నాను.

మిత్రులారా, పుస్తకంలో అంకె కనిపించినప్పుడు అది ఎవరిని కొలిచి రాసిన అంకె అని ఒక్కసారి అడగండి. మీ ఇంట్లో పలక పట్టని మనిషి ఏదైనా చెప్పబోయి, మీ చదువును చూసి ఆగిపోతే, ఆ మాట పూర్తి చెయ్యమని మీరే అడగండి. నేను అడిగి వుంటే అమ్మ ముగ్గు సంగతి చెప్పేది. ఆ కనుమకు మా బావగారు గారెలూ పులుసుతో సరిపెట్టుకొనేవారు. ఆయన మంచివాడు, ఏమీ అనుకొనేవారు కాదు.