ఇరవై ఒక్క రోజులు... పద్నాలుగు వందల ఏళ్లు!

ఎగ్జామ్‌కి ఇంకా మూడు వారాలే. టేబుల్ మీద పుస్తకాల గుట్ట. ఫోన్‌లో నాలుగు టెలిగ్రామ్ గ్రూపులు, వాటిలో ఒక్కసారి కూడా తెరవని పీడీఎఫ్‌లు. సిలబస్ చూస్తేనేమో ఇస్లాంకి ముందున్న అరేబియాలో మొదలై మదీనా, డమాస్కస్, బాగ్దాద్, కార్డోబా, ఇస్తాంబుల్ అన్నీ తిరిగి ఢిల్లీ, అలీగఢ్ దాకా వస్తుంది. ‘ఇంకా అబ్బాసీల దగ్గరే ఉన్నా. మిగతాదంతా ఎప్పుడు చదవాలి?’ అనే బెంగతో రాత్రి నిద్ర పట్టదు.

యూజీసీ నెట్‌లో ‘అరబ్ కల్చర్ అండ్ ఇస్లామిక్ స్టడీస్’ రాసేవాళ్లకు ఈ బెంగ బాగా తెలుసు. హైదరాబాద్‌లో ఉస్మానియాలో ఈ సబ్జెక్టుకి డిపార్ట్‌మెంట్ ఉంది, గచ్చిబౌలిలోని ‘మనూ’లోనూ ఉంది. కానీ కామర్స్‌కో ఇంగ్లిష్‌కో దొరికినట్టు దీనికి గల్లీకో కోచింగ్ సెంటర్ దొరకదు. మనకి మనమే మాస్టారు, మనకి మనమే స్టూడెంట్.

మూడు వారాల్లో పద్నాలుగు వందల ఏళ్ల చరిత్ర మొత్తం చదవడం అయ్యే పని కాదు. కానీ పరీక్షకి కావాల్సినంత చదవొచ్చు. ఆ రెండింటికీ ఉన్న తేడా పట్టుకుంటే చాలు, సగం భయం పోతుంది.

అసలు ఎందుకింత టెన్షన్?

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఫెలోషిప్. ఇంటికి భారం కాకుండా పీహెచ్‌డీ చేసుకోవచ్చు. దీనికి జనరల్‌లో వయసు పరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. ఎంఏ అయ్యాక ఏదో ఉద్యోగంలో పడి, మళ్లీ పుస్తకం పట్టేసరికి ఇరవై తొమ్మిది దాటేసినవాళ్లకు ఆ ‘30’ అనే అంకె గోడ మీద గడియారంలా టిక్కుటిక్కుమంటూ ఉంటుంది.

దానికి తోడు ఇంట్లో మాటలు. “ఇంకెన్నిసార్లు రాస్తావ్ బేటా?” అని అబ్బా అడుగుతారు. కోపంతో కాదు, దిగులుతో. పెళ్లి సంబంధాన్ని ‘ఈ ఎగ్జామ్ అయ్యాక చూద్దాం’ అని వాయిదా వేయించుకున్న అమ్మాయికి ఈ మూడు వారాలు ఒట్టి పరీక్ష రోజులు కావు.

అందుకే ప్రతి రోజూ లెక్కలోకి రావాలి.

ముందు ఆట రూల్స్

రెండు పేపర్లు, మూడు గంటలు, మధ్యలో బ్రేక్ లేదు. పేపర్-1లో 50 ప్రశ్నలు, అందరికీ కామన్. పేపర్-2లో మన సబ్జెక్టు మీద 100 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, మొత్తం 300. నెగెటివ్ మార్కింగ్ లేదు. అంటే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సబ్జెక్టు మీద భయంతో పేపర్-1ని చివరి రెండు రోజులకు నెట్టేస్తారు. మొత్తం మార్కుల్లో మూడో వంతు అదే! టీచింగ్, రీసెర్చ్, కమ్యూనికేషన్, రీజనింగ్, డేటా ఇంటర్‌ప్రిటేషన్, ఐసీటీ, పర్యావరణం, ఉన్నత విద్య.. ఇవి రోజుకో గంట చేస్తే కదిలే మార్కులు.

తెలిసిన మతం, తెలియని సబ్జెక్టు

‘మనం ముస్లిమ్సే కదా, ఇదంతా చిన్నప్పటి నుంచి విన్నదే కదా’ అనే ధీమా ఈ పరీక్షలో దెబ్బకొడుతుంది. నమాజు ఎలా చదవాలో ఇక్కడ అడగరు. ఖుర్‌ఆన్‌ని గ్రంథంగా ఎప్పుడు, ఎవరు సంకలనం చేశారు అని అడుగుతారు. యమామా యుద్ధంలో ఖుర్‌ఆన్ కంఠస్థం చేసినవాళ్లు చాలామంది చనిపోవడంతో, ఖలీఫా అబూ బక్ర్ కాలంలో జైద్ బిన్ సాబిత్ ఆ పని చేపట్టారనీ, ఉస్మాన్ కాలంలో ఒకే ప్రామాణిక ప్రతిని సిద్ధం చేసి అన్ని ప్రాంతాలకూ పంపారనీ క్రమంగా తెలియాలి. భక్తి వేరు, చరిత్రగా చదవడం వేరు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, కానీ పరీక్ష హాల్లో రెండోదే పనికొస్తుంది.

మదర్సాలో చదివి యూనివర్సిటీకి వచ్చినవాళ్లకు అరబ్బీ, హదీసు, ఫిఖ్ కొట్టిన పిండి. వాళ్లకు అడ్డుపడేది పేపర్-1, ఆధునిక చరిత్ర. డిగ్రీలో హిస్టరీ చదివి ఇటు వచ్చినవాళ్లకు, వాళ్లు ముస్లింలైనా కాకపోయినా, సమస్య తలకిందులు. పేర్లన్నీ ఒకేలా అనిపిస్తాయి. మీరు ఏ వైపు నుంచి వచ్చారో నిజాయతీగా చూసుకోండి. మూడు వారాల్లో ఎక్కువ టైమ్ మీకు రాని వైపుకే ఇవ్వాలి.

ఇంకో చిక్కు స్పెల్లింగ్. ఉర్దూలో విన్న పేరు ఇంగ్లిష్ ప్రశ్నపత్రంలో వేరే వేషంలో కనిపిస్తుంది. అవిసెన్నా అంటే ఇబ్న్ సీనా, అవెరోస్ అంటే ఇబ్న్ రుష్ద్. ఇలాంటి జంట పేర్లన్నీ ఒకే పేజీలో రాసుకోండి.

మొదటి రోజు: చదవొద్దు, రాయండి

పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, మూడు గంటలు కూర్చోండి. మార్కులు తక్కువొస్తాయి, రానివ్వండి. ఏ భాగంలో ఎన్ని పోయాయో కాగితం మీద రాయండి. మీ అసలు సిలబస్ అదే.

2 నుంచి 6: వెన్నెముక వేయండి

చరిత్ర అనే వెన్నెముక నిలబడితే మిగతా టాపిక్స్ అన్నీ దానికి అతుక్కుంటాయి. ముందు ప్రవక్త జీవితం: 610లో తొలి దైవవాణి, 622లో హిజ్రత్, 624లో బద్ర్, 625లో ఉహుద్, 627లో ఖందక్, 628లో హుదైబియా ఒప్పందం, 630లో మక్కా విజయం, 632లో నిర్యాణం. క్రమంలో పెట్టమనే ప్రశ్నలకు ఈ వరస అక్కరకొస్తుంది.

ఆ తర్వాత రాజ్యాలు: నలుగురు ఖలీఫాలు 632 నుంచి 661 దాకా. ఉమయ్యాలు 750 దాకా. అబ్బాసీలు 1258లో మంగోలులు బాగ్దాద్‌ను కూల్చేదాకా. పక్కనే స్పెయిన్: 711లో ప్రవేశం, 1492లో గ్రనడా పతనం. ఈజిప్టులో ఫాతిమీలు 969లో కైరోకు పునాది వేస్తే, కొద్ది కాలానికే అల్ అజ్‌హర్ వచ్చింది. ఉస్మానీ తుర్కులు 1453లో కాన్‌స్టాంటినోపుల్ గెలిచారు. 1924లో ఖిలాఫత్ రద్దయింది.

హిజ్రీ సంవత్సరం ఇచ్చి తికమక పెడితే ఒక చిట్కా. హిజ్రీ ఏడాదిని 0.97తో గుణించి 622 కలపండి. హిజ్రీ 132 తీసుకుంటే 128 ప్లస్ 622, అంటే 750. ఉమయ్యాలు పోయి అబ్బాసీలు వచ్చిన ఏడాది! హిజ్రీ 656 వేసి చూడండి, 1258 వస్తుంది. ఎప్పుడైనా ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది, కానీ ఆప్షన్లలో సరైనది పట్టుకోవడానికి చాలు.

7 నుంచి 10: ఖుర్‌ఆన్, హదీసు, ఫిఖ్

ఇక్కడ కథలు కాదు, జాబితాలు కావాలి. 114 సూరాలు, అన్నిటికంటే పెద్దది అల్ బఖరా, చిన్నది అల్ కౌసర్. ఆరు హదీసు గ్రంథాల సంకలనకర్తలు: బుఖారీ, ముస్లిం, అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ, ఇబ్న్ మాజా. నాలుగు ఫిఖ్ సంప్రదాయాల ఇమామ్‌లు, మరణించిన సంవత్సరాలతో సహా: అబూ హనీఫా 767, మాలిక్ 795, షాఫియీ 820, అహ్మద్ బిన్ హంబల్ 855. వయసు వరసలో గుర్తుంటే జతపరిచే ప్రశ్నలు చకచకా అయిపోతాయి.

ఫిఖ్ మూలాలు నాలుగు: ఖుర్‌ఆన్, సున్నా, ఇజ్మా, ఖియాస్. ఖియాస్ అంటే పోలిక పట్టుకుని తీర్పు చేయడం. ద్రాక్షసారా నిషేధం మత్తు వల్లే కాబట్టి, మత్తెక్కించే వేరే పదార్థానికీ అదే వర్తిస్తుందనడం లాంటిది. సరదా ఏంటంటే, పేపర్-1 రీజనింగ్‌లో భారతీయ తర్కశాస్త్రం ప్రమాణాలు కూడా ఉన్నాయి: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, అర్థాపత్తి, అనుపలబ్ధి. రెండూ ఒకటని కాదు గానీ, ‘మనకి ఒక విషయం ఎలా తెలుస్తుంది?’ అని రెండు సంప్రదాయాలూ ఎలా ఆలోచించాయో పక్కపక్కన పెట్టి చదివితే మర్చిపోరు.

11 నుంచి 13: ఆలోచనాపరులు, సూఫీలు

ఈ భాగాన్ని వాదనలుగా చదవండి. తత్వవేత్తల మీద గజాలీ ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ రాశాడు. తర్వాత ఇబ్న్ రుష్ద్ ‘తహాఫుతుత్ తహాఫుత్’తో బదులిచ్చాడు. గజాలీ మరణం 1111లో, ఇబ్న్ రుష్ద్‌ది 1198లో. ఈ ఒక్క గొడవ గుర్తుంటే ఇద్దరు రచయితలు, రెండు పుస్తకాలు, ఎవరు ముందు ఎవరు తర్వాత అన్నీ వచ్చేసినట్టే.

సూఫీల్లో బాగ్దాద్ జునైద్, 922లో మరణశిక్షకు గురైన హల్లాజ్, అజ్మీర్ ముయీనుద్దీన్ చిష్తీ. మనకు దగ్గర్లో గుల్బర్గా గేసూదరాజ్, మరణం 1422లో. ఉర్సుకి వెళ్లొచ్చినవాళ్లకు ఈ ఒక్క పేరైనా బట్టీ పట్టాల్సిన పని లేదు.

14 నుంచి 16: ఆధునిక కాలం, మన ఊరు

షా వలీయుల్లా (1703-1762), దేవ్‌బంద్ 1866, అలీగఢ్ కాలేజీ 1875, నద్వతుల్ ఉలమా 1894, జామియా మిల్లియా 1920. వీటిని పోల్చి చదవండి: ఎవరు దేన్ని కాపాడాలనుకున్నారు, దేన్ని మార్చాలనుకున్నారు?

హైదరాబాద్ వాళ్లకు ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది. అరబ్బీ రాతప్రతుల్ని పరిష్కరించి అచ్చువేయడంలో ప్రపంచానికి తెలిసిన దాయిరతుల్ మారిఫ్ 1888లో పుట్టింది ఇక్కడే. ఖుర్‌ఆన్‌ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ నిజాం కొలువులో పనిచేశాడు, ఇక్కడి నుంచి వచ్చిన ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు ఎడిటర్. 1908లో హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా, తర్వాత పారిస్‌లో ఉంటూ ఖుర్‌ఆన్‌ని ఫ్రెంచ్‌లోకి అనువదించారు. ఇక చిలుకూరి నారాయణరావు తెలుగులోకి తెచ్చారు. బస్సులో రోజూ దాటిపోయే క్యాంపస్‌లోనే మీ సిలబస్ కొంత జరిగింది!

17 నుంచి 19: రోజుకో మాక్

కొత్త పుస్తకం తెరవొద్దు. గ్రూపులో ఎవరో ‘మోస్ట్ ఇంపార్టెంట్’ అని పీడీఎఫ్ పంపితే డౌన్‌లోడ్ చేయొద్దు. పొద్దున మాక్, మధ్యాహ్నం తప్పులు చూసుకోవడం, సాయంత్రం ఆ తప్పులున్న పేజీలే చదవడం. టైమ్ ఇలా పంచుకోవచ్చు: పేపర్-1కి 60 నిమిషాలు, పేపర్-2కి 110, మార్క్ చేసి వదిలేసినవాటికి చివరి 10. ‘అసర్షన్-రీజన్’ ప్రశ్నల్లో రెండు వాక్యాలూ నిజమే అయినా, రెండోది మొదటిదానికి కారణం కాకపోవచ్చు. అక్కడే మార్కులు పోతాయి, ఒక్క క్షణం ఆగండి.

20, 21: బరువు దించండి

ఇరవయ్యో రోజు మీరే రాసుకున్న కాగితాలు మాత్రమే తిరగేయండి. ఇరవై ఒకటో రోజు అడ్మిట్ కార్డు, ఐడీ, ఫొటో సిద్ధం చేసుకుని, సెంటర్‌కి ఎలా వెళ్లాలో చూసుకుని, త్వరగా పడుకోండి. మధ్యాహ్నం షిఫ్ట్ పడితే అసర్ నమాజు వేళ పరీక్షలోనే దాటిపోవచ్చు. ఏం చేయాలో ముందే మసీదులో ఇమామ్ గారిని అడిగేయండి. హాల్లో కూర్చున్నాక ఆ ఆలోచన మనసుని లాగకూడదు కదా.

ఒకవేళ రాకపోతే?

ఈ మాట ఎవరూ ఎత్తరు గానీ, తెలుసుకుంటే గుండె తేలికవుతుంది. జేఆర్‌ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది కానీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి లేదు. 2024 జూన్ నుంచి నెట్‌లో ‘పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే’ అనే మూడో కేటగిరీ కూడా వచ్చింది. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ముప్పై దాటాక ఒక తలుపు మూసుకుంటుంది, నిజమే. ఇంకో రెండు తెరిచే ఉంటాయి.

కాబట్టి “ఇంకెన్నిసార్లు బేటా?” అని అబ్బా మళ్లీ అడిగితే చిరాకు పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని, గోడకు అంటించిన ఆ ఇరవై ఒక్క గళ్ల కాగితం చూపించండి. ఎన్ని గళ్లు కొట్టేశారో ఆయన్నే లెక్కపెట్టమనండి. రేపు పొద్దున మాక్ టెస్ట్‌కి చాయ్ ఆయనే పెట్టిస్తారేమో!