ఏ జ్వరమో చెప్పని ‘విషజ్వరం’

వానలు మొదలై నెల తిరిగేసరికి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పేజీల్లో ‘విషజ్వరాలు’ ప్రబలుతాయి. ‘మంచం పట్టిన గూడెం’, ‘విషజ్వరంతో యువకుడి మృతి’ వంటి శీర్షికలు ఇక్కడి పాఠకులకు కొత్త కావు. చర్ల మండలంలో అడవి అంచున ఉన్న గూడేనికీ అదే మాట, ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలిలోని కాలనీకీ అదే మాట. అడవి గూడెంలో ముందుగా అనుమానించాల్సింది మలేరియాను. దాన్ని మోసుకొచ్చే అనాఫిలిస్ దోమ వాగుల్లో, నీటిగుంటల్లో పెరిగి చీకటి పడ్డాక కుడుతుంది. కాలనీలో అనుమానించాల్సింది డెంగీని. డెంగీ దోమ కూలర్లో, మూతలేని డ్రమ్ములో పుట్టి పట్టపగలే కుడుతుంది. కలుషిత నీటితో టైఫాయిడ్ వస్తుంది, పొదల్లోని కంటికి ఆనని నల్లి పిల్ల కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. వీటిలో ఏది వచ్చినా పత్రిక పెట్టే పేరు ఒక్కటే. అసలు విషజ్వరమనే రోగం వైద్యశాస్త్రంలో లేదు. ఆయుర్వేదంలో విషమజ్వరం ఉంది కానీ, అది వేళాపాళా లేకుండా వచ్చిపోయే జ్వరం. దానికీ విషానికీ సంబంధం లేదు.

పేరులో ఏముందని కొట్టిపారేయలేం, ఎందుకంటే పేరును బట్టే మందు మారుతుంది. వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ వేళకు పడితే ప్రాణం నిలుస్తుంది. దోమతెర కట్టాలా, డ్రమ్ము బోర్లించాలా, నీళ్లు కాచుకోవాలా అన్నది కూడా ఆ పేరే చెప్పాలి. ‘విషజ్వరం’ అన్న మాట వీటిలో దేన్నీ చెప్పదు, భయపెట్టి ఊరుకుంటుంది.

విలేకరి డాక్టరు కాదు కదా, పరీక్ష ఫలితం వచ్చేదాకా వార్త ఆపుకోవాలా అని అడగొచ్చు. ఆపనక్కర్లేదు. ఆశా కార్యకర్త వేలికొన గుచ్చి తీసిన ఒక్క చుక్క రక్తంతో, ఓ చిన్న కిట్టు మీద, ఇరవై నిమిషాల్లోనే మలేరియా సంగతి తేలుతుంది. ఆ పరీక్ష జరిగిందా, ఎందరికి చేశారు, కిట్లు ఉన్నాయా అని విలేకరి అడగొచ్చు. ఫలితం రాకపోతే ‘కారణం తేలని జ్వరాలు’ అని రాయడంలో నామోషీ ఏమీ లేదు. ఇంకో వాదన మరింత బలమైనది: అధికారులు డెంగీ లెక్కలు తక్కువ చేసి చూపుతారనీ, ఈ గట్టి మాట పడితేనే వైద్య శిబిరం కదులుతుందనీ. ఒక్కోసారి నిజమే. అయితే అదే మాట అధికారులకూ అక్కరకొస్తుంది. డెంగీ మరణమంటే లెక్క చెప్పాలి, విషజ్వరమంటే ఏ ఖాతాలోనూ పడదు.

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు పత్రికలు, టీవీలు ఇలాగే ‘వింత వ్యాధి’ అన్నాయి. అస్వస్థులు 500 దాటారు. మొదటి రోజు ఆ మాటను తప్పుపట్టలేం. కానీ ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాక వింత అన్న మాటకు కాలం చెల్లింది. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నదే ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న.

జిల్లా డెస్కులు చేయాల్సింది పెద్ద పనేం కాదు: జ్వరం వార్తలో లక్షణాలు, చేసిన పరీక్ష, దాని ఫలితం అనే మూడు వివరాలు లేకపోతే విలేకరిని తిరిగి అడగాలి. పాఠకులు కూడా ‘విషజ్వరం’ అని చదివి ఊరుకోకుండా, రక్తపరీక్షలో ఏం తేలిందని దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాలి.