జపనీస్ ‘కురెరు’ క్రియ: అర్థం, ప్రయోగం

ఉపోద్ఘాతం:
తెలుగులో ‘నేను అతనికి పుస్తకం ఇచ్చాను’, ‘అతడు నాకు పుస్తకం ఇచ్చాడు’ అనే వాక్యాలలో కర్త, సంప్రదానం మారినా ధాతువు మారదు. జపనీస్ భాషలో ఈ రెంటికీ వేర్వేరు క్రియలు కావాలి. వక్త ఇతరులకు ఇస్తే ‘అగెరు’. ఇతరులు వక్తకు ఇస్తే ‘కురెరు’. రెంటికీ ‘ఇచ్చు’ అనే అర్థం చెప్పుకొని ఊరుకుంటే అభ్యాసకుడు పొరబడతాడు.

1. దిశ:
‘తనాక-సాన్ గ హొన్ ఒ కురెత’ అంటే ‘తనాకగారు నాకు పుస్తకం ఇచ్చారు’ అని అర్థం. ఇందులో ‘నాకు’ అనే పదం లేదు. ఆ అర్థాన్ని క్రియే ఇస్తుంది. ‘ఇమోతొ ని కురెత’ అన్నప్పుడు చెల్లెలు (ఇమోతొ) వక్త చెల్లెలేనని తెలుస్తుంది. అంటే వక్తతో పాటు వక్త తనవారిగా భావించేవారు కూడా ‘కురెరు’ పరిధిలోకి వస్తారు. ఇచ్చేవారు గౌరవనీయులైతే దీని స్థానంలో ‘కుదసరు’ వస్తుంది. అభ్యర్థనలో వినిపించే ‘కుదసై’ దాని రూపమే.

2. సహాయక క్రియ:
‘తెత్సుదత్త’ అంటే ‘సాయం చేశారు’. ‘తెత్సుదత్తె కురెత’ అంటే ఆ సాయం వక్తకు మేలు చేసిందన్న కృతజ్ఞత కూడా అందులో చేరుతుంది. తాను పొందిన సాయాన్ని ‘కురెత’ లేకుండా చెబితే మాట పొడిగా, కృతజ్ఞత లేనట్టుగా వినిపిస్తుంది. తెలుగు ‘చేసిపెట్టు’ దీనికి దగ్గరే కాని, అది ‘నాకు చేసిపెట్టాడు’, ‘వాడికి చేసిపెట్టాను’ అని రెండు దిశలకూ చెల్లుతుంది. గురువుతో ‘తెత్సుదత్తె అగెమస్’ అనడం తాను ఉపకారం చేస్తున్నట్టు చెప్పుకోవడమే అవుతుంది. అది మర్యాద కాదు.

3. ద్రావిడ భాషలతో పోలిక:
ఇటువంటి భేదం ద్రావిడ భాషలకు కొత్త కాదు. గ్రహీత ఉత్తమ, మధ్యమ పురుషలైతే మలయాళంలో ‘తరుక’, ప్రథమ పురుష అయితే ‘కొడుక్కుక’ వాడతారు. ప్రాచీన తమిళంలోని ఈ నియమాన్ని తొల్కాప్పియం పేర్కొన్నది. అయితే ‘నేను నీకు ఇస్తాను’ అనడానికి మలయాళంలో ‘తరుక’ రాగా, జపనీస్‌లో ‘కురెరు’ రాదు, ‘అగెరు’ రావాలి. మలయాళ నియమానికి పురుష ఆధారం; జపనీస్ నియమానికి వక్త పక్షం ఆధారం.

ముగింపు:
కాబట్టి ‘కురెరు’ను కేవలం ‘ఇచ్చు’ అని కాక, ‘నాకు గాని నా వారికి గాని ఇచ్చు’ అని నేర్చుకోవడం ఉచితం. ఇచ్చిన వస్తువు కన్నా ముందు, అది ఎవరి వైపు వచ్చిందో గమనించడం అలవడితే ఈ క్రియా ప్రయోగం సులభమవుతుంది.